ఆదివారం మైకులో పార్లమెంటు రహస్యం

తప్పులు అందరూ చేస్తారు. కొందరు ఇంట్లో చేసి పెళ్లాం చేత తిట్లు తింటారు, కొందరు ఊళ్లో చేసి పంచాయతీకెక్కుతారు. నేను ఇలాంటి చిల్లర తప్పుల జోలికి పోలేదు. నేరుగా భారత పార్లమెంటుతోనే పెట్టుకున్నాను. ఆ రోజుల్లో నారాయణఖేడ్ బస్టాండులో ఖాకీ చొక్కా కనబడితే చాలు, ఆగి ఉన్న బస్సు వెనక్కి పోయి నిలబడేవాణ్ని. ఆ చొక్కా డ్రైవరుదని తేలేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు. మీకిప్పుడు నవ్వొస్తుంది, నవ్వండి. నేను మాత్రం ఇది రాయడానికి కూర్చునే ముందు తలుపు గొళ్లెం పడిందో లేదో చూసుకుని వచ్చాను.

ముందు నా గొప్పతనం కొంచెం చెప్పాలి. అప్పుడు నేను ఖేడ్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ లెక్చరర్ని, ఇంకా పెళ్లి కానివాణ్ని. సివిక్స్ చెప్పేవాడికి పార్లమెంటు సంగతులు తెలిసి ఉంటాయని మీరు అనుకుంటే అది మీ మంచితనం. పార్లమెంటు కమిటీల పాఠం నుంచి పరీక్షలో ఏదో చిన్న ప్రశ్న వస్తుంది, అదీ వస్తే వస్తుంది. "దాన్ని ఛాయిస్‌లో వదిలేయండి" అని పిల్లలకు చెప్పేవాణ్ని. వాళ్లకంటే ముందు నేనే వదిలేశాను. వదిలేసిన పాఠం వెతుక్కుంటూ వచ్చి మెడ పట్టుకుంటుందని నాకు ఏ సిలబస్‌లోనూ ఎవరూ చెప్పలేదు.

కథ మా జకరయ్య మామ కందిచేలో మొదలైంది. ఈయన మా అమ్మకు తమ్ముడు. నాగల్‌గిద్ద దగ్గర, కర్ణాటక పొలిమేర మీద వ్యవసాయం. ఆ ఏడు ఎవరో మంచి రకమంటే ప్యాకెట్ విత్తనం తెచ్చి చేనంతా కంది వేశాడు. మొలిచింది. మొలవడమంటే మామూలుగా కాదు, మనిషి లోపలికి పోతే మళ్లీ కేకేసి పిలుచుకోవాల్సినంత ఎత్తు. పూత కూడా వచ్చింది. కాయ మాత్రం రాలేదు. మామ విత్తనాల దుకాణానికి పోతే ఆ సేటు అడిగిన మాట ఒక్కటే.

"మొలిచిందా, లేదా?"

"మొలిచింది."

"మరింకేంది? మొలుస్తదనే గద ప్యాకెట్ మీద రాసున్నది. మొలిచింది. పో."

తర్వాత ఏ ఆఫీసుకు పోయినా అదే మాట చెప్పి పంపించారు. ఆ ఏడు మామ ఇంట్లో పప్పు కొనుక్కుని తిన్నారు. కంది పండించే ఇంట్లో పప్పు కొనడం ఎంత నామోషీయో మెట్ట పంటల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మామ ఆ మాట నవ్వుతూ చెప్పాడు, నేను మాత్రం నవ్వలేకపోయాను.

సరిగ్గా అప్పుడే విత్తనాల మీద ఒక కొత్త చట్టం ముసాయిదా ఢిల్లీలో తయారై, పార్లమెంటు కమిటీ చేతికి వచ్చింది. కమిటీ అంటే ఏమిటో ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అన్ని పార్టీల ఎంపీలూ కొందరు ఒక గదిలో కూర్చుని, ముసాయిదాను క్లాజు తర్వాత క్లాజు చేటలో పోసి చెరుగుతారు. టీవీలో ఒకరి మీద ఒకరు అరుచుకునేవాళ్లే ఆ గదిలో ఒకే ప్లేటులో బిస్కెట్లు తింటూ "ఈ మాట ఇక్కడెందుకు పెట్టారు? ఆ మాట ఎందుకు పెట్టలేదు?" అని అధికారులను నిలదీస్తారు. చట్టం ఎవరి నెత్తిన పడుతుందో వాళ్ల గోడు కూడా వింటారు. అందుకే అభిప్రాయాలు పంపమని పేపర్లో ప్రకటన వేశారు.

నేను ముసాయిదా చదివి మామకు చెప్పాను. విత్తనం మొలవకపోతే రైతుకు పరిహారం ఇవ్వాలని అందులో ఉంది.

"మొలిచి కాయకుంటే?" అన్నాడు మామ.

"గా మాట లేదు మామా."

"గా ఒక్క మాట పెట్టుమను అల్లుడా. మొలక ఒక్కటే కాదు, కాత గూడ రాయుమను. నాకు పోయింది ఎట్లనో పోయింది. మల్ల ఇంకెవ్వలకు గిట్ల కావొద్దు."

ఆయన అడిగింది ఒక్క మాట. నేను మాత్రం సింధు నాగరికతతో మొదలుపెట్టాను. హరప్పా ధాన్యాగారాల మీదుగా, మౌర్యుల భూమిశిస్తు మీదుగా, కాకతీయుల చెరువుల గట్టున కాసేపు కూర్చుని, ఊరి పొలిమేరలో బండి దిగినట్టు చివరి పేజీలో మామ చేనుకు చేరాను. ముగింపు గంభీరంగా ఉంటుందని "కమిటీ ముందు స్వయంగా హాజరై విన్నవించుకోదలచాను" అని కూడా చేర్చాను. పెళ్లి పత్రికలో "బంధుమిత్ర సపరివారంగా" అని వేయిస్తామే, అదీ అలాంటి అలంకారమే అనుకున్నాను.

కొన్నాళ్లకు ఢిల్లీ నుంచి ఫోను వచ్చింది. కమిటీ హైదరాబాద్ వస్తోంది, మీరూ ఆ రైతూ వచ్చి చెప్పుకోండి అన్నారు. వెనకాలే ఫోనులోకి ఒక ఉత్తరం కూడా వచ్చింది. పైన అశోక స్తంభం, దాని కింద నా పేరు, అడుగున అధికారి సంతకం. ఆ మూడూ చూసి మురిసిపోయాను. మధ్యలో ఏముందో చదవలేదు. నా దృష్టిలో ఉత్తరం మధ్యభాగం కూడా ఛాయిసే.

అమ్మకు చెప్పాను. అమ్మ ఆనందపడి, ఆదివారం చర్చిలో ప్రార్థన అడగాల్సిందే అంది. మా దగ్గర అదొక అలవాటు. ఎవరికైనా పెద్ద పని పడితే ఆరాధనలో ముందుకు వచ్చి, ఆ పనేమిటో మైకులో చెప్పి, సంఘం చేత ప్రార్థన చేయించుకుంటారు. ఆపరేషన్ కానీ, పరీక్ష కానీ, బోరు వేయడం కానీ, పూర్తి వివరం చెప్పాలి.

"వివరం జెప్పకుంటే జనం దేని మీద ప్రార్థన జేస్తరు బిడ్డా?" అంటుంది అమ్మ.

సరే, ఆదివారం వచ్చింది. మనూర్ నుంచీ నాగల్‌గిద్ద నుంచీ ఆటోల్లో వచ్చినవాళ్లతో చర్చి నిండిపోయింది. నా చేతికి మైకు వచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. నోటికి మైకు దొరికితే ఊరేమైపోతుందో వాళ్లు చెప్పలేదు, వాళ్ల కాలంలో మైకులు లేవు. కమిటీకి పంపిన పత్రాన్ని హరప్పాతో సహా మొదటి నుంచి చివరిదాకా చదివాను. మౌర్యుల దగ్గర పాస్టరయ్య దగ్గాడు. కాకతీయుల దగ్గర నా మోచేయి పట్టుకుని "జల్దీ కానియ్యి బాబూ, ఇంక వాక్యం ఉన్నది" అన్నాడు. ముందు వరుసలో పాస్టరమ్మ ఫోనును స్టాండుకు తగిలించి ఆరాధన మొత్తాన్ని లైవ్‌లో పెడుతోంది. అది గమనించి నేను కాలరు సర్దుకుని, ఆ ఫోను వైపు తిరిగి మరీ చదివాను.

ప్రార్థన ముగిసింది. అందరూ ఆమెన్ అన్నారు. నేను బెంచీ మీద కూర్చుని, నా పేరు మరోసారి చూసుకుందామని ఉత్తరం తెరిచాను. ఈసారి కళ్లు మధ్య పేరా మీద పడ్డాయి. కమిటీకి సమర్పించిన పత్రాలు కమిటీ రికార్డులట. వాటిని గోప్యంగా ఉంచాలట. ఎవరికీ వెల్లడించకూడదట. వెల్లడిస్తే అది సభా హక్కుల ఉల్లంఘన కిందికి వస్తుందట.

తల తిప్పి చూస్తే చర్చి నిండా జనం. ఇందాక నా శ్రోతలు, ఇప్పుడు నా మీద సాక్షులు. పాస్టరయ్య అప్పుడే వాక్యంలో "దాచబడినదేదియు బయలుపడక మానదు" అనే చోటికి వచ్చాడు. ఆ మాట నా కోసమే అన్నట్టు తోచి, బెంచీ కిందికి జారిపోదామా అనిపించింది.

ఆరాధన అవగానే పాస్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"అమ్మగారూ, గా వీడియో తీసెయ్యుండ్రి."

"ఎందుకు బాబూ? మంచిగనే మాట్లాడినవ్ గద."

"నా ముచ్చట వరకు కోసెయ్యుండ్రి, చాలు."

"నాకు కోసుడు రాదు, పెట్టుడే వస్తది. తీస్తే మొత్తం తియ్యాలె. అయ్యగారి వాక్యం గూడ పోతది. దేవుని వాక్యం తీసెయ్యుమంటవా?"

"అట్లని కాదు గని..."

"దుబాయ్‌ల ఉన్నోళ్లు గూడ చూసిండ్రు. నీ ముచ్చట కాడ ఎవలో రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టిండ్రు."

అంటే నా నేరం సముద్రం కూడా దాటింది. ఆ జోడించిన చేతులు నాకు ఆఖరి దండంలా కనబడ్డాయి.

సోమవారం పొద్దున్నే కోర్టు ఎదుట చాయ్ బండి దగ్గర మొగులప్పను పట్టుకున్నాను. ఈ మొగులప్ప ఒక వకీలు దగ్గర గుమాస్తా. చట్టంలో ఆయనకు ఎంత తెలుసో నాకు తెలియదు గానీ, చెప్పే ధైర్యం మాత్రం వకీలుకంటే ఎక్కువ.

"నా దోస్తు ఒకడున్నడు" అని మొదలుపెట్టి సంగతి చెప్పాను.

"సభా హక్కులా?" మొగులప్ప చాయ్‌ని సాసర్లో పోసుకుని ఊదాడు. "అయిపోయిండు నీ దోస్తు."

"ఏమైతది?"

"పార్లమెంటుకు జైల్ల ఏసే పవరున్నది. ముందల నిలబెడ్తరు, అడుగుతరు, లోపలేస్తరు."

"బెయిలు?"

"అక్కడ కోర్టే ఉండదు, ఇంక బెయిలెక్కడిది సారూ!"

"అసలు పోకుంటే?"

"పిలిస్తే పోకుంటే గది ఇంకో కేసు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను ఆ రెండింటి మధ్య చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. మొగులప్ప సాసరు ఖాళీ చేసి అసలు దెబ్బ అప్పుడు కొట్టాడు.

"ఇంకోటి. గాయిన ఇచ్చిన కాయితం ఖారిజ్ చేస్తరు. చిత్తుబుట్టలకే. అందుల ఎవల దుఃఖం రాసున్నా ఎవ్వలు సూడరు."

నేను గ్లాసు బండి మీద పెట్టేశాను.

"నీ దోస్తుకు చెప్పు సారూ, చెమట తుడుసుకొమ్మని" అన్నాడు మొగులప్ప నా ముఖం వైపు చూస్తూ.

జైలు మాటకంటే ఖారిజ్ మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. నేను లోపలికి పోతే ఏదో ఒకనాడు బయటికి వస్తాను. మామ అడిగిన ఒక్క మాట నా నోటిదూల వల్ల చిత్తుబుట్టలో పడితే దాన్ని మళ్లీ ఎవరు తీస్తారు? ఆ భయం నాతో పాటే కంచం ముందు కూర్చునేది, నాతో పాటే పడుకునేది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. భయంలో వచ్చే ఆలోచనలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. విన్నవాళ్లందరి ఇళ్లకూ పోయి, ఎవరికీ చెప్పొద్దని బతిమాలుకుందామని బయల్దేరాను. కాలేజీ కాగానే ఆటో ఎక్కడం, ఒక ఊరు పోవడం, తలుపు కొట్టడం. చిక్కేమిటంటే సగం మంది ఆదివారం నా మాటలు విననే లేదు.

మనూర్‌లో రూతమ్మ అని మాకు వరసకు అత్త. ఆమె వాకిట్లో జొన్నలు చెరుగుతోంది.

"అత్తా, మొన్న ఆదివారం నేను చెప్పింది ఎవ్వలకు చెప్పకు."

"ఏం జెప్పినవ్ బిడ్డా? నాకు కండ్లు మూతలు వడ్డయి."

ఏం చెప్పకూడదో తెలియాలంటే ఏం చెప్పానో చెప్పాలి కదా. మళ్లీ మొదటి నుంచీ చెప్పాను.

"కంది ముచ్చటనా?" చేట కింద పెట్టింది రూతమ్మ. "మాది గూడ గంతే బిడ్డా. గదే ప్యాకెట్. ఆకే గని కాయ లేదు. గట్టు అవతల మా మరిది ఇంటి విత్తనం ఏసిండు, గాయినకు కొమ్మలు వంగినయి. వాన గదే, మన్ను గదే."

"సరే అత్తా, గిదంత ఎవ్వలకు చెప్పకు."

"చెప్ప. మా మరిదికి ఒక్కనికే చెప్త."

ఏ ఇంటికి పోయినా ఇదే వరస. మాది కూడా అదే ప్యాకెట్ అనడం, పక్క చేను సంగతి చెప్పడం, నేను చేతులు జోడించి నోరు మూసుకొమ్మనడం, వాళ్లు "ఒక్కరికే" చెబుతాననడం. వాళ్లు చెప్పే కంది గోడు నా చెవికి ఎక్కడం లేదు. ఇంకో నోరు తెరుచుకుందన్న లెక్కే నా తలలో తిరుగుతోంది.

నేనిలా ఊళ్లు పట్టుకు తిరుగుతుంటే అమ్మ నా చేత సంగతంతా కక్కించింది. ఇక ఊరుకుంటుందా? ఒకరోజు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గడప ముందు చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. లోపల ఆడవాళ్లంతా చాపల మీద కూర్చుని కళ్లు మూసుకుని, నా కొడుకును జైలు నుంచి తప్పించు తండ్రీ అని అమ్మ చెబుతుంటే తప్పించు, తప్పించు అంటున్నారు. అందరూ పోయాక అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"అమ్మా, గది రహస్యం గద!"

"రహస్యమనే చెప్పిన బిడ్డా. పిలిచినోళ్లందరికీ రహస్యమనే చెప్పి పిలిచిన."

ఇక కాలేజీలో నా పరిస్థితి చూడాలి. అటెండరు చేతిలో కాగితం కనబడితే అరెస్టు వారెంటు అనుకునేవాణ్ని. ఆ వారమంతా కమిటీల పాఠాన్ని ప్రాణం పెట్టి చెప్పాను. కమిటీకి ఎవరినైనా పిలిచే అధికారం ఉంది, ఏ కాగితమైనా తెప్పించే అధికారం ఉంది అని చెబుతూ తలుపు వైపు చూసేవాణ్ని. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి "సార్, గిది ఛాయిస్‌ల వదిలేయుమన్నరు గద?" అంది.

"వదలకండి!" అని అరిచాను. "బతుకులో ఏదీ ఛాయిస్‌లో వదలకండి!"

ఆ రోజు నుంచి ఆ క్లాసు నన్ను కొంచెం దూరంగానే ఉంచింది.

హైదరాబాద్ పోయే ముందు రోజు మామ ఖేడ్ వచ్చాడు. తువ్వాలలో చుట్టి ఒక ఎండిన కంది కొమ్మ తెచ్చాడు, ఒక్క కాయ లేనిది. అప్పటిదాకా ఆయనకు మైకు గొడవేమీ చెప్పలేదు. ఇక దాచలేక అంతా చెప్పేశాను.

"జైలయితే నేను పోత. ముచ్చట నాది. నువ్వు నౌకరీ జేసెటోనివి."

"మైకుల చదివింది నేను గద మామా."

"మరి గా మాట? గది గూడ తీసేస్తరా?"

తెలియదన్నాను. మామ తువ్వాలను మళ్లీ జాగ్రత్తగా చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఆయన అలా చుట్టుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది.

మొదటి బస్సుకే హైదరాబాద్ పోయాం. ఒక పెద్ద సర్కారీ భవనం, మెత్తటి తివాచీ పరిచిన హాలు, పొడవాటి బల్ల, దాని చుట్టూ ఎంపీలు. ఈ చివర మా ఇద్దరికీ కుర్చీలు, నా ముందు నా పేరు రాసిన పలక. పోలీసులు దొంగల మెడలో వేసి ఫోటో తీసే పలక గుర్తొచ్చింది. నా పక్కన ఒక మేడమ్ కూర్చుంది, మేము తెలుగులో చెప్పేది వాళ్లకు హిందీలో, వాళ్ల మాట మాకు తెలుగులో చెప్పడానికి. ఓ మూల ఇద్దరు ప్రతి మాటా రాసుకుంటున్నారు.

అధ్యక్షుడు తెల్లజుట్టు పెద్దాయన. నెమ్మదిగా మాట్లాడతాడు. గట్టిగా అరిచేవాళ్లకంటే ఇలా నెమ్మదిగా మాట్లాడేవాళ్లే నాకు భయం. ఆయన నమస్కారం చేసి, ఏదో కాగితం చూసి చదివినట్టు అన్నాడు.

"ఈ గదిలో జరిగేదీ, మీరిచ్చిన పత్రాలూ మా నివేదిక సభ ముందుకు వెళ్లేదాకా గోప్యం. ఆ సంగతి మీకు గుర్తు చేస్తున్నాను."

ఇది అక్కడికి వచ్చే ప్రతివాడికీ చదివి వినిపించే మాట. నాకా సంగతి తెలియదు. చదివి ఆయన తలెత్తి నా వైపు చూశాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తనంతట తనే లేచి నిలబడే దొంగకు ఈశ్వరుడితో పనేముంది?

"తప్పయింది సార్!" అని లేచాను. "నేనే జేసిన. మొత్తం చదివిన. మైకుల చదివిన."

మేడమ్ హిందీలో చెప్పింది. ఎంపీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఏం చదివారు? ఎవరికి?" అన్నాడు అధ్యక్షుడు.

"మీకిచ్చిన కాయితం సార్. చర్చిల అందరికీ. దుబాయ్‌ల గూడ ఇన్నరు. మల్ల ఇండ్లకు పోయి చెప్పొద్దని చెప్పిన. చెప్పొద్దని చెప్తుంటే నిద్రపోయినోళ్లకు గూడ తెల్సిపోయింది."

"విన్నవాళ్లు ఏమన్నారు?"

"మాది గూడ గంతే అన్నరు సార్. గదే ప్యాకెట్, ఆకే గని కాయ లేదన్నరు."

బల్ల అవతల ఎవరో కలం మూత తీశారు. కళ్లద్దాల ఎంపీ ఒకామె ముందుకు వంగింది.

"వర్షం సరిగ్గా పడి ఉండదు. అప్పుడు విత్తనం తప్పు ఎలా అవుతుంది?"

"వాన మంచిగనే పడ్డది మేడమ్. గట్టు అవతల ఇంటి విత్తనం ఏసినోళ్లకు కొమ్మలు వంగినయట. నేనడగలే, వాళ్లే చెప్పిండ్రు. నేను నోరు మూసుకొమ్మన్న, వాళ్లు మూసుకోలే."

"ఒక్క ఊళ్లోనేనా?"

"నేను పోయిన ఊర్లన్నిట్ల మేడమ్."

ఇప్పుడు బల్ల చుట్టూ అందరూ రాసుకుంటున్నారు. నా మీద కేసు బలపడుతోందని నాకు స్పష్టంగా అర్థమైంది.

"వాళ్ల పేర్లు చెప్పగలరా?" అన్నాడు అధ్యక్షుడు.

సరిగ్గా ఇక్కడ నాలో వీరుడు మేల్కొన్నాడు. జీవితంలో మొదటిసారి, అదీ తప్పు చోట.

"చెప్పను సార్! ఎయ్యాల్నంటే నన్నొక్కణ్ణే జైల్ల ఎయ్యుండ్రి. వాళ్లకేం తెల్వది. రూతమ్మకైతే అసలే తెల్వది, జొన్నలు చెరుగుకుంట కూసున్నది!"

మామ నా చొక్కా పట్టి గుంజాడు. "కూసో అల్లుడా. పేర్లు చెప్పు."

"మామా, వాళ్లకు పిల్లలున్నరు!"

అధ్యక్షుడు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "జైలా? జైలని ఎవరన్నారు?"

"మొగులప్ప సార్."

"మొగులప్ప ఎవరు? ఏ సంస్థ?"

మేడమ్ నన్ను అడిగింది, నేను కోర్టు ఎదుట చాయ్ బండి అన్నాను, ఆమె అదే చెప్పింది, మూలన కూర్చున్నవాళ్లు అదే రాసుకున్నారు. ఆ విధంగా మా ఖేడ్ నుంచి భారత పార్లమెంటు రికార్డుల్లోకి మొగులప్ప ఎక్కాడు.

ముందు కళ్లద్దాల ఎంపీ నవ్వింది. తర్వాత అటు పక్షం, ఇటు పక్షం, బల్ల మొత్తం నవ్వింది. అధ్యక్షుడు మాత్రం నవ్వు ఆపుకుని అన్నాడు.

"మాకిచ్చిన పత్రాన్ని బయట చదవడం సరి కాదు. ఇకముందు చేయకండి. అంతే. మిమ్మల్ని ఎవరూ జైలుకు పంపడం లేదు, మీ పత్రాన్ని ఎవరూ తీసేయడం లేదు. కూర్చుని నీళ్లు తాగండి. తాగాక పేర్లు చెప్పండి. వాళ్లను శిక్షించడానికి కాదు. ఈ క్లాజులో మొలక మాట ఒక్కటే ఎందుకు పెట్టారని రేపు అధికారులను అడగాలి. అడగడానికి మా చేతిలో ఏదైనా ఉండాలి కదా."

కుర్చీలో కూర్చున్నాను. నీళ్లు సగం తాగాను, సగం చొక్కా మీద పోసుకున్నాను. ఇంత ఏడుపు, ఇంత సంతోషం ఒకేసారి నాకెప్పుడూ రాలేదు. మామ తువ్వాల విప్పి కంది కొమ్మను బల్ల మీద పెట్టాడు. ఎంపీలు దాన్ని ఒకరి చేతి నుంచి ఒకరు తీసుకుని తిప్పి తిప్పి చూశారు. నేను పేర్లు చెప్పాను, రూతమ్మతో మొదలుపెట్టి.

వచ్చేటప్పుడు అధ్యక్షుడు మళ్లీ గుర్తు చేశాడు. నివేదిక సభ ముందుకు వచ్చేదాకా ఇక్కడి మాట బయట చెప్పకూడదు. ఈసారి తల ఎంత గట్టిగా ఊపానంటే మెడ పట్టేసింది.

కానీ ఆదివారం ఊరుకుంటుందా? అది మళ్లీ వచ్చింది. ప్రార్థన అడిగినవాడు జవాబు వచ్చాక స్తోత్రం చెప్పకపోతే దేవుడికి కోపం వస్తుందని అమ్మ నన్ను ముందుకు తోసింది. మైకు పట్టుకున్నాను. తల దించుకున్నాను.

"దేవుడు నాకొక గొప్ప మేలు చేసిండు" అన్నాను. "ఏం మేలో చెప్పను."

జనం ముందుకు వంగారు.

"యాడ జరిగిందో చెప్పను. అక్కడ ఎవలెవలున్నరో చెప్పను."

"ఇంక?" అన్నాడు పాస్టరయ్య ఆశగా.

"ఇంక గంతే అయ్యగారూ."

జైలు తప్పించమని ఇంటికొచ్చి ప్రార్థన చేసినవాళ్లకు నేను జైలుకు పోలేదని కళ్ల ముందే కనబడుతోంది. మరి పెళ్లికాని కుర్రవాడు సిగ్గుతో తల దించుకుని దాచుకునే మేలు పెళ్లి కాక ఇంకేముంటుంది? ఆరాధన ముగిసి గేటు దాటకముందే ఆడవాళ్లు అమ్మను చుట్టుముట్టి చేతులు పట్టుకుని ఊపుతున్నారు. హైదరాబాద్‌లో నా పక్కన ఒక మేడమ్ కూర్చుని, నేను చెప్పిన ప్రతి మాటనూ అందరికీ మళ్లీ చెప్పిందని మామ నోరు జారాడట. అంతకంటే ఏం కావాలి?

ఇంటికి వచ్చాక అమ్మ తలుపు దగ్గరగా వేసి అడిగింది.

"నాకన్న చెప్పు బిడ్డా. ఎవరు గామె?"

"ఎవరూ లేరమ్మా! గది పార్లమెంటు!"

"పార్లమెంటుల నౌకరీయా పిల్లకు?" అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ.

కొన్ని నెలల తర్వాత నివేదిక సభ ముందుకు వచ్చింది. అందరూ చదువుకునేలా బయట పెట్టారు. ఆ క్లాజు వెతికాను. మొలకతో పాటు కాతను కూడా లెక్కలోకి తీసుకోవాలని కమిటీ సిఫారసు చేసింది. సిఫారసు సిఫారసే, ఒప్పుకోవడమా మానడమా అన్నది సర్కారు ఇష్టం. అయినా ఆ మాట అచ్చులో ఉంది. మామకు ఫోను చేశాను.

"రాసిండ్రా అల్లుడా?"

"రాసిండ్రు మామా."

"ఇంకోపారి చదువు."

చదివాను. అవతల నుంచి గాలి చప్పుడు వినబడుతోంది. చేలో ఉన్నట్టున్నాడు. తర్వాత "మంచిది" అని ఒక్క మాట అని పెట్టేశాడు.

ఇక నన్ను ఆపేదెవరు? ఆ ఆదివారం తలెత్తుకుని పోయి మైకు తీసుకుని జరిగిందంతా చెప్పాను. కమిటీ, క్లాజు, సిఫారసు, కాత, అన్నీ. దాచుకోవాల్సిందేమీ లేకుండా మాట్లాడటంలో ఎంత సుఖముందో ఆ రోజే తెలిసింది. చెప్పడం ముగించి చూస్తే జనమంతా ఇంకా ఎదురుచూస్తున్నట్టే ఉన్నారు. పాస్టరయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు.

"స్తోత్రం. కంది ముచ్చట మంచిగున్నది బాబూ. మరి పిల్లను చర్చికి ఎప్పుడు తోల్కొస్తవు?"

కాబట్టి సర్వజన సమక్షంలో, సభాపతి లేకపోయినా ఉన్నారని భావించి, ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా పేరు మీద ఏ ఉత్తరం వచ్చినా దాన్ని నడుమ నుంచే చదవడం మొదలుపెడతాను. ఏ మేలు జరిగినా పూర్తిగా చెబుతాను, లేదా పూర్తిగా మింగుతాను, మధ్యలో మాత్రం ఆగను. దేవుడితో ఏదైనా రహస్యం చెప్పుకోవాల్సి వస్తే కరెంటు పోయేదాకా ఆగి, మైకు పని చేయడం లేదని రూఢి చేసుకున్నాకే నోరు తెరుస్తాను.